జమ మన పేర, ఖర్చు ఎవరి పేర?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మనవి. నేను వక్తను కాను. 36 ఏళ్లపాటు నోట్ ఫైలు రాసి, చివర "ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది" అని పెట్టి పైకి పంపినవాణ్ణి. నిర్ణయాలు చెప్పే అలవాటు నాకు లేదు. అయినా కార్యదర్శిగారు వదల్లేదు. "డి.ఏ. గురించి, బకాయిల గురించి ఎలాగూ అందరూ మాట్లాడతారు. మీరు ఇంకేదైనా చెప్పండి" అన్నారు. అందుకని కాస్త ధైర్యం చేస్తున్నాను.

ఈ డిసెంబరు 17 మనకు పండుగరోజు ఎందుకయిందో మీకు తెలుసు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షను దయతో ఇచ్చేది కాదు, చేసిన సేవకు హక్కుగా వచ్చేదని ఆ తీర్పు సారాంశం. మనం పాతికేళ్లో ముప్ఫయ్యేళ్లో ఎండకీ వానకీ కట్టుబడి పనిచేసినందుకు, నెల మొదట్లో బ్యాంకులో ఆ నాలుగు డబ్బులు పడుతున్నాయి. మన జీవితంలో పెద్ద సాహసాలు లేవు. అందుకు తగ్గట్టు పెద్ద భయాలూ లేవు.

కాని మన ఇళ్లలో పుట్టిన పిల్లలు అలా ఉండరు. ఆ సంగతి చెప్పడానికే నిలబడ్డాను.

గత సంక్రాంతికి మా మనవడు వచ్చాడు. మా పెద్దమ్మాయి కొడుకు. ఇంజనీరింగు చదివి హైదరాబాదులో మంచి ఉద్యోగం చేస్తున్నాడు. పెళ్లయి ఏడాదిన్నర. భోజనాలయ్యాక నా పక్కన చేరి, "తాతయ్యా, ఉద్యోగం మానేస్తున్నాను" అన్నాడు. కొర్రలు, సామలు వంటి చిరుధాన్యాల పొట్టు తీయడానికి, ఊళ్లో ఒక గదిలో పట్టే చిన్న యంత్రం తయారు చేస్తాడట. గింజ విరక్కుండా పొట్టు ఊడటమే కష్టమట. ఇద్దరు స్నేహితులతో కలిసి రెండేళ్లుగా సెలవు రోజుల్లో అదే పని. చెబుతుంటే వాడి కళ్లు వెలిగిపోతున్నాయి. చివరికి అసలు మాట అన్నాడు. "బ్యాంకువాళ్లు ఏదైనా పూచీ కావాలంటున్నారు తాతయ్యా. నీ ఇల్లు పెడతావా?"

మా అల్లుడుగారు వింటూనే కోప్పడ్డారు. మా అమ్మాయి ఏడ్చింది. వాడు నావైపే చూస్తున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ కళ్లలో వెలుగు నాకు కొత్త కాదు గనుక. ఆ కథ తరువాత చెబుతాను. ముందు ఇద్దరు పెద్దవాళ్ల సంగతి చెప్పనివ్వండి. ఆ నెలలో నేను పుస్తకాలు తిరగేసి, గుమాస్తా బుద్ధి కనుక, జమాఖర్చు వేసి చూసిన జీవితాలు అవి.

మొదటివారు దాదాసాహెబ్ ఫాల్కే. అక్కినేనిగారికి, విశ్వనాథ్‌గారికి వచ్చిన పురస్కారం ఆయన పేరు మీదిదే కదా. ఆయన 1870లో నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టారు. ఆయనా కొంతకాలం మన కులస్థుడే. అంటే సర్కారు నౌకరు. పురావస్తు శాఖలో బొమ్మలు గీసే ఉద్యోగం. ఆ ఉద్యోగం మానుకుని అచ్చాఫీసు పెట్టారు. భాగస్వాములతో పడక అదీ వదిలేశారు. చేతిలో పని లేని రోజుల్లో, 1910 ప్రాంతంలో, బొంబాయిలో ఏసుక్రీస్తు జీవితం మీద తీసిన మూగచిత్రం చూశారు. మన రాముణ్ణీ కృష్ణుణ్ణీ ఇలా తెరమీద ఎప్పుడు చూస్తామా అనుకున్నారు. అంతే, ఇక వేరే ధ్యాస లేదు. రోజూ సినిమాలు చూడటం, రాత్రంతా పుస్తకాలు చదవడం. కళ్లు దెబ్బతిని కొంతకాలం చూపు కూడా పోయినంత పనయింది. వైద్యంతో మళ్లీ తేరుకున్నారు. ఆ తరువాత జీవిత బీమా పాలసీ తాకట్టు పెట్టి 1912లో లండన్ వెళ్లి, పని నేర్చుకుని, కెమెరా కొనుక్కుని వచ్చారు. 1913 మే 3న బొంబాయిలో 'రాజా హరిశ్చంద్ర' విడుదలయింది.

ఈ కథ చాలామందికి తెలుసు. వాళ్ల ఇంట్లో ఏం జరిగిందో తెలిసినవారు తక్కువ. ఆయన భార్య సరస్వతీబాయి. ఆమె నగలు ఆ సినిమాలోకే పోయాయి. పనిచేసేవాళ్లంతా వాళ్ల ఇంట్లోనే భోజనం చేసేవారు. అరవై డెబ్బై మందికి ఆమె వండి వార్చేవారు. పగలు షూటింగులో ఎండ పడటానికి తెల్ల దుప్పటి పట్టుకుని నిలబడేవారు. రాత్రి అందరూ పడుకున్నాక చీకటి గదిలో ఫిల్ముకి అంచున చిల్లులు కొట్టేవారు, మందులు కలిపేవారు. హరిశ్చంద్రుడి కొడుకు లోహితుడి వేషం వాళ్ల పిల్లవాడిదే.

హరిశ్చంద్రుడు మాట కోసం ఆలినీ బిడ్డనీ అమ్ముకున్నాడని మనం హరికథల్లో విని కళ్లు తుడుచుకుంటాం. ఆ సినిమా తీసినాయన ఎవరినీ అమ్మలేదు. కాని ఆలీ బిడ్డా ఇద్దరూ ఆ పనికి అంకితమయ్యారు.

సినిమా ఆడింది. డబ్బూ వచ్చింది. కాని తరువాత పెట్టిన కంపెనీలో భాగస్వాములతో మళ్లీ గొడవలు. కొంతకాలం అన్నీ వదిలేసి కాశీ వెళ్లిపోయారు. 1931లో మన దేశంలో మాటల సినిమా వచ్చేసరికి ఆయన కాలం దాటిపోయింది. 1944 ఫిబ్రవరిలో నాసిక్‌లో కన్నుమూసేనాటికి చేతిలో చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. ఆయన పేర ప్రభుత్వం పురస్కారం పెట్టింది 1969లో. అంటే జమ పద్దు పాతికేళ్లు ఆలస్యంగా, మనిషి పోయాక పడింది. ఖర్చు పద్దు మాత్రం ఎప్పటికప్పుడు, సరస్వతీబాయి పేర పడుతూనే ఉంది. ఫాల్కే పేరు అందరికీ తెలుసు. మనలో ఎంతమందికి ఆమె పేరు తెలుసో ఎవరికి వారే అనుకోండి. ఈ మధ్య దాకా నాకూ తెలియదు.

రెండవవారు మనవారే. గిడుగు రామమూర్తి పంతులుగారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నది ఆయన పుట్టినరోజనే. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు.

అక్కడి కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలని ఆయనకు పట్టింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ జీతం ఇస్తామనలేదు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని మాట మాట నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు. ప్రభుత్వం బహుమానం ఇస్తామంటే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టించండి అన్నారు. ఆ కొండల్లో తిరిగి మన్యం జ్వరం తెచ్చుకున్నారు. జ్వరానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. జీవితాంతం పోలేదు. మాట వినడానికి కొండ ఎక్కిన మనిషికి వినికిడే పోయింది. అయినా పని ఆపలేదు. సవర భాష వ్యాకరణ గ్రంథం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు. ఇప్పుడు నా వయసదే.

మనం ముఖ్యంగా గుర్తుపెట్టుకోవలసినది మరొకటి ఉంది. పంతులుగారు 30 ఏళ్ల సర్వీసు అయ్యాక 1911లో ఉద్యోగం నుంచి విరమించారు. అప్పటికి 48 ఏళ్లు. బడిలో వాడుకభాష ఉండాలన్న మహోద్యమంలో ఎక్కువ భాగం ఆ తరువాత చేసిందే. సభలు తిరిగారు, గ్రాంథికవాదులతో వాదించారు, 'తెలుగు' అనే పత్రిక నడిపారు. ఈ రోజు మన సంఘం సంచిక మనం మాట్లాడుకునే తెలుగులో అచ్చవుతోందంటే, అందులో ఆ విశ్రాంత ఉపాధ్యాయుడి కష్టం ఉంది.

ఆయనా తక్కువేమీ పోగొట్టుకోలేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. జీవితమంతా గడిపిన ఊరు వదిలి, డెబ్బై దాటిన వయసులో రాజమహేంద్రవరం వచ్చేశారు. 1940 జనవరిలో కన్నుమూశారు. కాని ఫాల్కేగారి లెక్కకూ పంతులుగారి లెక్కకూ నాకు ఒక తేడా కనిపిస్తుంది. పంతులుగారు బడిపంతులు పని చేసుకుంటూ సవర నేర్చుకున్నారు. ఉద్యోగం విడిచింది ముప్ఫయ్యేళ్ల సర్వీసు చేశాకే. ఫాల్కేగారు ఇంటినంతా పనిలోకి దింపారు. ఎవరు గొప్ప అని నేను అడగడం లేదు. ఫాల్కేగారు అలా దూకకపోతే మన దేశంలో సినిమా ఎప్పుడు మొదలయ్యేదో చెప్పలేం. పని పెద్దదయితే ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చు ఎవరి పేర రాస్తున్నామన్నదే నా ప్రశ్న.

ఇక నా సంగతి. వీళ్లిద్దరి సరసన నా పేరు చెప్పడం సాహసమే. మన్నించండి.

మీలో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది, నాకు నాటకాల పిచ్చి ఉండేది. 1973లో ఎల్.డి.సి.గా చేరాను. 1978 నుంచి ఎనిమిదేళ్లు పరిషత్తు పోటీలే లోకం. నాటిక రాయడం, ఆడించడం, వేషం వేయడం అన్నీ నేనే. ఆఫీసు వదిలాక స్కూలు వరండాలో రిహార్సలు. ఇల్లు చేరేసరికి పదకొండు. మా ఆవిడ అన్నం మీద మూత పెట్టి గోడకానుకుని కూర్చుని ఉండేది.

పోటీకి వెళ్లాలంటే ఎంత ఖర్చో ఆడినవాళ్లకు తెలుసు. స్త్రీ పాత్రకు నటీమణిని పిలిపించాలి. మేకప్పు, సెట్టింగు, లారీ, అందరి భోజనాలు. పండుగ అడ్వాన్సు అందులోకే పోయింది. పి.ఎఫ్. అప్పు అందులోకే పోయింది. ఒక ఏడు ఎక్కడా చిక్కక, మా ఆవిడ నాలుగు గాజులు, నాలుగు కాసుల బంగారం, తాకట్టు పెట్టాను. అడిగానా అంటే అడగలేదు. "గాజులు ఓసారి ఇలా ఇయ్యి, నెల రోజుల్లో తెచ్చేస్తాను" అన్నాను. అది అడగడం కాదని ఇప్పుడు తెలుస్తోంది. ఆవిడ తీసి ఇచ్చింది. ఆ గాజులు మళ్లీ మా ఇంటికి రాలేదు. వడ్డీ పెరిగి అక్కడే పోయాయి. ఆ ఏడు మా నాటికకు ద్వితీయ బహుమతి వచ్చింది. ఆ షీల్డు ఇప్పటికీ మా ఇంట్లో అటక మీద ఉంది.

ఇంతకంటే పెద్ద ఖర్చు మరొకటి. అకౌంట్ టెస్టు రాయాలి కదా, ప్రమోషను కోసం. పరీక్షల నెలా పోటీల నెలా ఎప్పుడూ ఒకేసారి వచ్చేవి. నేను పోటీలకే వెళ్లేవాణ్ణి. "వచ్చే ఏడు రాస్తాలే" అనుకుంటూ ఎనిమిదేళ్లు గడిచాయి. నా తరువాత చేరినవాళ్లు నా ముందు కుర్చీల్లో కూర్చున్నారు. చివరికి రాసి పాసయ్యాను, ఒక ప్రమోషనూ వచ్చింది. కాని నా తోటివాళ్లు రిటైరయిన మెట్టుకు రెండు మెట్ల కింద 2009లో రిటైరయ్యాను.

పెన్షను ఆఖరి జీతం మీద కడతారు. ఆ మాట మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ నాటకాల ఖర్చు నేను ఇప్పటికీ నెలనెలా చెల్లిస్తూనే ఉన్నాను. అక్కడితో అయిపోదు. నేను పోయాక మా ఆవిడకు వచ్చే ఫ్యామిలీ పెన్షను కూడా ఆ ఆఖరి జీతం మీదే కడతారు. నేను లేని రోజుల్లో కూడా నా సరదాకు కోత ఆవిడకు పడుతుంది. ఇది నేను మనవడు అడిగిన ఆ రాత్రి మొదటిసారి లెక్క వేసుకున్నాను. లేచి కూర్చున్నాను.

నాటకాలు ఆడినందుకు పశ్చాత్తాపపడుతున్నానా అంటే, పడలేదు. అబద్ధం చెప్పలేను. తెర లేచే ముందు వెనక నిలబడిన ఆ క్షణం నా సర్వీసు రిజిస్టరు మొత్తంలో లేదు. కాని కళ కోసం నేను త్యాగం చేశానని నలభయ్యేళ్లుగా నలుగురిలో చెప్పుకున్నాను. ఆ మాట తప్పు. చప్పట్లు నాకొచ్చాయి. గాజులు పోయింది ఆవిడకు. జ్వరంతో ఉన్న పిల్లను భుజాన వేసుకుని రాత్రిపూట డాక్టరు ఇంటికి నడిచింది ఆవిడ. అప్పుడు నేను వేరే ఊళ్లో రంగు పూసుకుని ఉన్నాను. త్యాగం అంటే ఉన్నది ఇవ్వడం. నేను ఇచ్చింది నాది కాదు.

తెల్లవారాక నేను పెళ్లయిన ఇన్నేళ్లలో చేయని పని చేశాను. మా ఆవిడను పిలిచి, "వాడు ఇల్లు అడుగుతున్నాడు. నీ ఉద్దేశం ఏమిటి?" అని అడిగాను. ఆవిడ కాఫీ కలుపుతోంది. కాసేపు మాట్లాడలేదు. తరువాత అంది:

"ఇల్లు వద్దండీ. మన ఇద్దరిలో ఎవరు ముందో ఎవరు వెనకో. మిగిలినవాళ్లకి గోడలైనా ఉండాలి. నా గొలుసు ఇస్తాను. వాడు అడిగాడు కదా. అడిగితే ఇచ్చినట్టు ఉంటుంది. అడక్కపోతే పోయినట్టు ఉంటుంది."

గాజుల మాట ఆవిడ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

మనవణ్ణి కూర్చోబెట్టాను. ఇల్లు పెట్టనన్నాను. వాడి మొహం వాడిపోయింది. "కాని కొంత డబ్బు ఇస్తాను. పోయినా మా ఇద్దరికీ నిద్ర పట్టే డబ్బు అది. తిరిగి ఇవ్వనక్కరలేదు. అయితే ఒక తెల్లకాగితం తీసుకో" అన్నాను. నాలుగు విషయాలు వాడి చేతే రాయించాను.

మొదటిది, ఇందులో ఎవరెవరి డబ్బు ఎంత ఉంది, పేరు పేరునా. రెండవది, డబ్బు కాక ఎవరెవరు ఏం వదులుకుంటున్నారు. ఇక్కడ వాడి కలం ఆగింది. వాళ్ల ఆవిడ పై చదువు వాయిదా వేసుకుందట. ఆ సంగతి వాడు అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఖర్చుగా ఎప్పుడూ అనుకోలేదు కూడా. మూడవది, ఎప్పటిదాకా. గడువు లేని పని ఇంటిని తినేస్తుంది, నేను "వచ్చే ఏడు" అన్నట్టు. రెండేళ్లు అని రాశాడు. నాలుగవది, అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా ఉంచేవి ఏవి. నెలసరి ఇంటి ఖర్చు, ఆరోగ్య బీమా, ఆ అమ్మాయి చదువు అని రాశాడు.

కింద వాడు సంతకం పెట్టాడు. "మీ ఆవిడ సంతకం కూడా కావాలి" అన్నాను. ఆ అమ్మాయి వచ్చి, కాగితం రెండుసార్లు చదివి, రెండేళ్లు కొట్టేసి ఏడాదిన్నర అని దిద్ది సంతకం పెట్టింది. ఆ అమ్మాయి మీద నాకు గౌరవం పెరిగింది. మా అల్లుడుగారు కూడా అప్పుడు కొంచెం చల్లబడ్డారు.

ఇది జరిగి పదకొండు నెలలయింది. యంత్రం ఇంకా సిద్ధం కాలేదు. ఒక నమూనా చేశారు, గింజ విరుగుతోందట. మరొకటి చేస్తున్నారు. అవుతుందో లేదో నాకు తెలియదు. విజయగాథ చెబుతానని ఎదురుచూసినవాళ్లు క్షమించాలి. కాని వాడు ఆదివారం ఫోను చేసినప్పుడు మొదట అమ్మమ్మతో మాట్లాడతాడు. గొలుసు ఇచ్చింది ఆవిడ కదా.

మిత్రులారా, మీ ఇళ్లలోనూ ఇలాంటి పిల్లలు ఉంటారు. ఒకడు సినిమా అంటాడు, ఒకతె సంగీతం అంటుంది, ఒకడు కంపెనీ అంటాడు. "మాకు లాగా బుద్ధిగా ఉద్యోగం చేసుకో" అని కొట్టిపారేయకండి. అందరూ అలా అనుకుంటే సవర భాషకు నిఘంటువు ఉండేది కాదు, మనకు సినిమా ఉండేది కాదు. అలాగని ప్రేమకొద్దీ గ్రాట్యుటీ అంతా తీసి చేతిలో పోయకండి. ఇచ్చేముందు మీ పక్కనున్నవాళ్లను అడగండి. అడిగించండి. కాగితం మీద రాయించండి. మనకు చేతనైన విద్య అదే కదా.

మరొక మాట. మీలో కొందరి దగ్గర ట్రంకు పెట్టెల్లో సగం రాసిన కథలు, మూలపడ్డ హార్మోనియంలు ఉన్నాయని నాకు తెలుసు. ఆ రోజుల్లో ఇంటి కోసం మీరు వాటిని పక్కన పెట్టారు. నేను పెట్టలేదు. మీరే నయం. ఇప్పుడు పిల్లలు స్థిరపడ్డారు, పెన్షను పడుతోంది, ఎవరి గాజులూ తియ్యనక్కరలేదు. నిఘంటువు వచ్చేసరికి పంతులుగారికి 75 ఏళ్లు. పెట్టె తెరవండి. కార్యదర్శిగారు వచ్చే సంచికలో రెండు పేజీలు ఇస్తామని ఇప్పుడే నాతో అన్నారు. మీ అందరి ముందూ చెప్పేశాను కనుక ఇక వెనక్కి పోలేరు.

చివరగా, మా ఆవిడ ఈ హాల్లోనే మూడో వరసలో కూర్చుని ఉంది. ఇవన్నీ చెబుతానని ముందు చెప్పలేదు. కాదు, ఈసారి అడిగే వచ్చాను. "చెప్పండి, కాని గాజుల సంగతి నాలుగు కాసులని సరిగ్గా చెప్పండి" అంది.

సరిగ్గానే చెప్పాను.